నాన్న పన్ను, నా లెక్క

మా నాన్నకి ఆయన పళ్ళతో ఒక ఒప్పందం ఉండేది. ఆయన వాటి జోలికి వెళ్ళడు, అవి ఆయన జోలికి రాకూడదు. కింది దవడలో కుడివైపు పన్ను ఒకటి మూడేళ్ళ కిందట ఆ ఒప్పందం తప్పింది. నాన్న లవంగ నూనె రాశాడు, ఉప్పునీళ్ళు పుక్కిలించాడు, మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని మింగాడు. నిరుడు సంక్రాంతికి అరిసె కొరికితే సగం పన్ను విరిగి చేతిలోకి వచ్చింది. మిగతా సగం డాక్టరు పీకేశారు.

నాన్న వడ్రంగి మేస్త్రి. గుడివాడ దగ్గర మా ఊళ్ళో, ఇంటి ముందు రేకుల షెడ్డే ఆయన షాపు. ఎడమ చెవి మీద పెన్సిలు, కుడి చెవి మీద బీడీ. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన ఇలాగే ఉన్నాడు.

పీకించాక అలా వదిలేద్దామన్నాడు. నేనే వద్దన్నాను. హాస్టల్లో కూర్చుని రెండు రాత్రులు చదివి మూడు దారులున్నాయని చెప్పాను. తీసి పెట్టుకునే పన్ను, బ్రిడ్జి, ఇంప్లాంటు. బ్రిడ్జి అంటే అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్ళని అరగదీసి, వాటి మీద మూడు పళ్ళ తొడుగు కూర్చోబెట్టాలి. నాన్న ఒక్క క్షణం ఆలోచించి, "ఒక తలుపు పాడైందని పక్క రెండు తలుపులు చెక్కేస్తామా?" అన్నాడు. దాంతో ఇంప్లాంటు ఖాయమైంది. ఖర్చు 28 వేలు. కొత్త ప్లెయినింగ్ మిషను కోసం దాచుకున్న డబ్బులో అది సగం పైనే. ఆ సంగతి నాకు తర్వాత అమ్మ చెప్పింది.

(ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు ఈ వ్యాసం రాసేటప్పుడు రెండు విషయాలు తెలిశాయి. ఒకటి, పన్ను కట్టడం అంటే రెండు రకాలు, రెండింటికీ డబ్బు పోతుంది. రెండు, పళ్ళ చుట్టూ ఉండే కండనీ, వేపచెట్టుకి ఉగాది ముందు వచ్చే లేత ఆకునీ మనవాళ్ళు ఒకే మాటతో పిలిచారు, చిగురు అని. ఎందుకో నాకు తెలీదు కానీ చాలా నచ్చింది.)

మే నెల సెలవుల్లో విజయవాడ తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చాలా ఓపికగా మాట్లాడారు. మత్తు సూది ఇచ్చి పని మొదలుపెట్టారు, నేను బయట కూర్చున్నాను. ముప్పావుగంటకి నాన్న చెంప పట్టుకుని బయటికి వచ్చాడు. భయపడ్డాడేమో అనుకున్నా. బస్సెక్కాక, మాట తిరగని నోటితోనే, "పనిమంతురాలురా ఆవిడ" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"మొదట సన్న బిట్టు పెట్టింది. తర్వాత కొంచెం లావుది. అలా నాలుగు మార్చింది. మిషను నెమ్మదిగా తిప్పుతూ నీళ్ళు పోస్తూనే ఉంది. టేకులో ఒకేసారి లావు బిట్టు పెట్టి స్పీడుగా తిప్పావనుకో, లోపల కర్ర మాడుద్ది. మాడిన బెజ్జంలో స్క్రూ ఎంత బిగించినా పట్టదు."

ఎముక కూడా మాడుతుంది. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలితే చాలు, ఎముక దెబ్బతింటుందని 1980ల్లో స్వీడన్ వాళ్ళు కుందేళ్ళ మీద చేసిన ప్రయోగాల్లో తేల్చారు. నేను పేపర్లు చదివి తెలుసుకున్న ఈ సంగతి నాన్నకి నోరు తెరిచి పడుకునే తెలిసిపోయింది.

కానీ కర్రకీ ఎముకకీ ఒక తేడా ఉంది. అది నాన్నకి నేను చెప్పాను, ఆయన నమ్మలేదు. కర్రలో బిగించిన స్క్రూ మొదటి రోజు ఎంత గట్టిగా ఉందో అంతే గట్టిగా ఉంటుంది, ఆ తర్వాత మెల్లగా వదులవుతుంది. ఎముకలో అలా కాదు. బెజ్జం వేసినప్పుడు అంచుల్లో ఉన్న ఎముక కొంత చచ్చిపోతుంది. ఒంట్లో ఒక రకం కణాలు వచ్చి ఆ చచ్చిన భాగాన్ని కరిగించి తినేస్తాయి. వాటి వెనకే ఇంకో రకం కణాలు వచ్చి కొత్త ఎముక కడతాయి. కూల్చేవాళ్ళు ముందు, కట్టేవాళ్ళు తర్వాత. అందుకని మొదటి రోజు స్క్రూ పట్టు వల్ల గట్టిగా ఉన్న ఇంప్లాంటు రెండో వారం నుంచి నాలుగో వారం దాకా కొంచెం బలహీనపడి, కొత్త ఎముక పట్టుకున్నాక మళ్ళీ గట్టిపడుతుంది. సరిగ్గా మూడో వారంలో నాన్న ఫోన్ చేసి, "రాయిలా ఉందిరా, ఆ పక్కన జంతికలు నమలొచ్చా?" అని అడిగాడు. నేను హాస్టల్ కారిడార్లో నిలబడి అరిచాను.

టైటానియం ఎముకకి అతుక్కుంటుందన్న సంగతి కూడా అనుకోకుండా తెలిసిందే. 1952లో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే స్వీడన్ డాక్టరు ఎముక లోపల రక్తం ఎలా పారుతుందో చూడటానికి కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న పరికరం బిగించాడు. పరిశోధన అయిపోయింది, ఖరీదైన పరికరం కదా, తీసి మళ్ళీ వాడుకుందామనుకున్నాడు. అది రాలేదు, ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో గోస్టా లార్సన్ అనే మనిషి దవడలో మొదటిసారి ఈ ఇంప్లాంట్లు పెట్టారు. ఆయనకి పుట్టుకతోనే దవడ సరిగా లేదు. 2006లో చనిపోయేదాకా, అంటే 40 ఏళ్ళు, ఆ ఇంప్లాంట్లు పనిచేశాయి. ఈ కథ చెప్తే నాన్న, "40 ఏళ్ళా? అయితే నాకంటే అదే ఎక్కువ రోజులుంటుంది" అన్నాడు.

ఇక అసలు విషయం, బీడీ. "ఈ మూడు నెలలూ ముట్టుకోకూడదు మేస్త్రిగారూ, పూర్తిగా మానేస్తే మరీ మంచిది" అని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పారు. పొగలోని నికోటిన్ వల్ల సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి, గాయానికి రక్తం సరిగా అందదు, పొగ తాగేవాళ్ళలో ఇంప్లాంటు ఊడిపోయే అవకాశం ఎక్కువ. నాన్న "సరే" అన్నాడు. ఆయన అన్నిటికీ సరే అంటాడు. గుమ్మం ఆదివారానికి ఇస్తారా అని అడిగినవాళ్ళకీ సరే అంటాడు. అది ఏ ఆదివారమో ఎవరికీ తెలీదు.

నేను నమ్మలేదు. రోజూ రాత్రి వీడియో కాల్ చేసేవాణ్ణి. "బీడీ?" "లేదురా." కొన్నిసార్లు, "చెవి చూపించు" అనేవాణ్ణి. ఆయన నవ్వుతూ ఫోను కుడి చెవి దగ్గర పెట్టేవాడు. అప్పట్లో నాకది సరదాగా అనిపించింది. ఇప్పుడు రాస్తుంటే మాత్రం సిగ్గుగా ఉంది. పదిహేడో ఏట నుంచి తాగుతున్న మనిషిని నేను దొంగని తనిఖీ చేసినట్టు చేశాను.

ఆగస్టులో మూడు నెలల ఎక్స్‌రే తీశారు. నాన్న ఒక్కడే వెళ్ళాడు. డాక్టరమ్మ చూసి బానే ఉంది అన్నారట. నాన్న క్లినిక్‌లో కంప్యూటర్ తెర మీదున్న రెండు ఎక్స్‌రేలనీ, మే నెలదీ ఆగస్టుదీ, ఫోటో తీసి నాకు పంపాడు. బానే ఉంది అంటే నేనెందుకు ఊరుకుంటాను? ల్యాప్‌టాప్‌లో రెండూ పక్కపక్కన పెట్టాను. ఇంప్లాంటు పొడవు 10 మిల్లీమీటర్లని బిల్లు మీద రాసి ఉంది. ఎక్స్‌రేలో అది 240 పిక్సెల్స్ వచ్చింది. మే నెలలో ఎముక ఇంప్లాంటు మెడ దాకా ఉంది. ఆగస్టులో 22 పిక్సెల్స్ కిందికి దిగింది. అంటే 0.9 మిల్లీమీటర్లు. రెండు పక్కలా, చిన్న గిన్నె ఆకారంలో, ఎముక ఉండాల్సిన చోట నలుపు.

మూడు నెలల్లో 0.9. గీత గీశాను. 10 మిల్లీమీటర్లూ పోవడానికి 33 నెలలు. మూడేళ్ళు తిరక్కుండానే 28 వేలు, మిషను డబ్బు, మొత్తం పోతుంది. రెండు పాయింట్లతో గీత గీసి భవిష్యత్తు చెప్పకూడదని ప్రాబబిలిటీ క్లాసులో మాకు చెప్పారు, నేను నోట్స్ కూడా రాసుకున్నాను. ఆ పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి.

ఫోన్ చేశాను.

"నాన్నా, బీడీ తాగావా?"

"లేదురా."

"నిజం చెప్పు. ఎముక పోతోంది."

"లేదని చెప్తున్నాగా."

"ఎక్స్‌రే అబద్ధం చెప్పదు నాన్నా."

అవతల కాసేపు ఏ చప్పుడూ లేదు. వెనకాల ఎవరో కర్ర కోస్తున్న శబ్దం మాత్రం వినిపించింది. తర్వాత ఫోన్ కట్ అయింది.

మళ్ళీ చేయలేదు. చేయకపోగా, నేను అన్నది కరెక్టే అని నిరూపించుకోవడానికి పొగకీ ఎముకకీ ఉన్న సంబంధం గురించి వెతకడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాటలోనే 1981 నాటి పేపరు ఒకటి దొరికింది. అడెల్ అనే ఆయన, బ్రోనెమార్క్, ఇంకొందరు కలిసి 15 ఏళ్ళపాటు పేషెంట్లని చూసి రాసింది. అందులో ఉన్నది ఇది. ఇంప్లాంటు పెట్టి మానే కాలంలోనూ, పన్ను బిగించిన మొదటి ఏడాదిలోనూ కలిపి సగటున 1.5 మిల్లీమీటర్ల ఎముక తగ్గింది. ఆ తర్వాత ఏడాదికి 0.1 మాత్రమే.

అంటే అది గీత కాదు, వంపు. మొదట్లో గబగబా దిగి, తర్వాత దాదాపు చదునైపోయే వంపు. 1986లో ఇంప్లాంటు సఫలమైందని చెప్పడానికి పెట్టిన కొలతల్లో కూడా, మొదటి ఏడాది దాటాక సంవత్సరానికి 0.2 కన్నా తక్కువ తగ్గాలి అన్నారు. మొదటి ఏడాదిని లెక్కలోంచి తీసేశారు. ఎందుకంటే ఆ ఏడాది కొంత పోతుందని వాళ్ళకి తెలుసు. ఇవి పాత రకం ఇంప్లాంట్ల అంకెలు. ఇప్పటివాటిలో చాలాసార్లు ఇంతకన్నా తక్కువే పోతుంది. అయినా బాగా మానుతున్న ఇంప్లాంటు చుట్టూ కూడా మొదట్లో కాస్త ఎముక తగ్గడం మామూలే. పొగ తాగనివాళ్ళకి కూడా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అయినా ఫోన్ చేయలేదు. చేసి ఏమనాలో తెలియక.

తర్వాతి శనివారం ఇంటికెళ్ళి, నాన్నని తీసుకుని క్లినిక్‌కి వెళ్ళాను. బస్సులో ఇద్దరం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. డాక్టరమ్మకి నా పిక్సెల్ లెక్క చూపించాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు కూడా. కొలత దాదాపు సరిగ్గానే ఉంది అన్నారు. "కానీ ఇది ఎందుకు పోయిందో ఎక్స్‌రే చెప్పదు బాబూ. ఎంత పోయిందో మాత్రమే చెప్తుంది."

తర్వాత చెప్పారు. చిగురు పైఅంచుకీ ఎముకకీ మధ్య సుమారు మూడు మిల్లీమీటర్ల జాగా కావాలి. నోట్లో క్రిములు కిందికి దిగకుండా ఆ జాగాలో చిగురు ఇంప్లాంటు చుట్టూ బిగుసుకుని ఒక కట్టలా ఏర్పడుతుంది. నాన్నకి ఆ చోట చిగురు పల్చన. ఉన్న చిగురు చాలనప్పుడు ఆ జాగా కోసం ఎముకే కొంచెం కిందికి జరుగుతుంది. పైగా నాన్నకి ఇంప్లాంటుని చిగురు కింద పూడ్చిపెట్టలేదు, చిన్న మూత పైకి కనిపించేలా పెట్టారు. కాబట్టి ఆ సర్దుబాటు మొదటి రోజు నుంచే మొదలైంది. సర్జరీలో ఎముక మీది పొర ఎత్తినప్పుడు ఆ భాగానికి రక్తం తగ్గడం కూడా ఇంకో కారణం. చీము లేదు, నొప్పి లేదు, కదలడం లేదు. "ఇప్పుడు తగ్గింది సర్దుకోవడం. ఇక్కడితో ఆగకుండా ఏటా తగ్గుతూ పోతే, చిగురు వాచి రక్తం వస్తే, అది జబ్బు. అందుకే మళ్ళీ మళ్ళీ ఎక్స్‌రే తీసి చూస్తాం."

నాన్న అప్పటిదాకా మాట్లాడలేదు. "తలుపుకీ ద్వారబంధానికీ మధ్య సందు వదిలినట్టు అన్నమాట" అన్నాడు. "వదలకపోతే వానాకాలం అదే చేసుకుంటుంది." డాక్టరమ్మ ఈ మాట ఇంకో పేషెంటుకి చెప్తానన్నారు.

ఆవిడ చెప్పిన ఇంకో సంగతి మన బ్రాంచి వాళ్ళకి నచ్చుతుంది. 1990ల మొదట్లో వెడల్పాటి ఇంప్లాంట్లు మార్కెట్లోకి వచ్చాయి. వాటికి సరిపోయే వెడల్పున్న పైభాగాలు ఇంకా రాలేదు. చేసేది లేక డాక్టర్లు దగ్గరున్న సన్న పైభాగాలే వాటి మీద బిగించారు. సైజు కుదరని పని. తీరా తర్వాత ఎక్స్‌రేల్లో చూస్తే అలా బిగించిన చోట ఎముక తక్కువ తగ్గింది. ఇప్పుడు కావాలనే అలా తయారు చేస్తున్నారు, నాన్నకి పెట్టింది కూడా ఆ రకమే. బగ్ కాస్తా ఫీచర్ అయింది. కాకపోతే చిగురు మరీ పల్చగా ఉంటే అది కూడా పూర్తిగా కాపాడలేదట.

ఇంటికొచ్చాక అమ్మ వంటింట్లోకి పిలిచింది. కోడిగుడ్డు పులుసు కలుపుతూ, నా వైపు చూడకుండా, "మీ నాన్న తాగారురా" అంది.

నాకు ఒక్క క్షణం ఊరటగా అనిపించింది. ఇది దాచకుండా రాయాలి. నేను అన్నది తప్పు కాదన్నమాట అనుకున్నాను.

"ఎప్పుడు?"

"నువ్వు ఫోన్ చేసిన రోజు రాత్రి. రెండు. అప్పటిదాకా ఒక్కటి ముట్టలేదు. ఎలాగూ తాగాననే అనుకుంటున్నాడుగా అన్నారు."

షెడ్డు తలుపు వెనక చూసి రమ్మంది. వెళ్ళాను. పెన్సిలు గీతలు. చెక్కలు లెక్కపెట్టేటప్పుడు నాన్న వేసే పద్ధతిలోనే, నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. లెక్కపెట్టాను. 94. ఆపరేషన్ రోజు నుంచి, నేను ఫోన్ చేసిన రోజుకి ముందు రోజు దాకా. దాని తర్వాత కొంచెం ఖాళీ. ఖాళీ కింద కొత్త వరస, అప్పటికి నాలుగు గీతలు.

నాన్న బయట చెక్క మీద చిత్రిక పడుతున్నాడు. పక్కన నిలబడ్డాను. "తప్పయింది నాన్నా" అన్నాను. ఆయన తలెత్తలేదు. చిత్రిక రెండుసార్లు అటూ ఇటూ పోయింది. "ఆ టేపు ఇటివ్వు" అన్నాడు. ఇచ్చాను. అంతే.

సెప్టెంబరులో పన్ను బిగించారు. అక్టోబరులో ఫోన్ చేసి, ఆ పక్కనే జంతిక నములుతూ చప్పుడు వినిపించాడు. కొత్త ప్లెయినింగ్ మిషను ఇంకా కొనలేదు, నా ఫీజు కట్టాక చూద్దామంటున్నాడు. నేను "బీడీ?" అని అడగడం మానేశాను. చెవి చూపించమనడం కూడా. తలుపు వెనక గీతలు ఎంతదాకా వచ్చాయో పండక్కి ఇంటికెళ్ళినప్పుడు కూడా చూడలేదు. చూడాలనిపించింది, తలుపు దాకా వెళ్ళి వచ్చేశాను.

వచ్చే సెప్టెంబరులో ఏడాది ఎక్స్‌రే ఉంది. మొన్న నాన్నే ఆ మాట ఎత్తాడు.

"ఈసారి నువ్వు కూడా రా. కొలవాలిగా."

"డాక్టరమ్మ చూస్తుందిలే నాన్నా."

"ఆవిడ చూస్తుంది. నువ్వు కొలువు. కానీ ఒకసారి కొలిచి కొయ్యకు. రెండుసార్లు కొలువు, నా ముందు కూర్చుని."

సరే అన్నాను.